బురదలో దిగిన పొణికి కాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న శ్రీమతి సరళాదేవి గారికి, ఈ కృత్రిమ కాళ్ళ కేంద్రాన్ని పసిపిల్లను సాకినట్టు సాకిన డాక్టర్ ప్రమోదిని గారికి, ఇవాళ రిటైరై, దండల బరువుకు మెడ వంచి పెళ్ళికొడుకులా కూర్చున్న హనుమండ్లు మేస్త్రీ గారికి, ముందు వరుసలో కూర్చుని 'ఈ సారు ఎప్పుడు ఆపుతడో' అని నన్నే చూస్తున్న ఆయన ఇల్లాలు గంగుబాయి గారికి, బొమ్మల ఊరు నిర్మల నుంచి బస్సు మాట్లాడుకుని మరీ వచ్చిన వారి బంధువులకు, అన్నిటికీ మించి ఇక్కడ తయారైన కాళ్ళ మీద నడిచి వచ్చి ఈ హాలంతా నింపిన మీ అందరికీ ఈ మాధవరావు నమస్కారాలు.

నాకు పది నిమిషాలు ఇచ్చారు. కరీంనగర్ పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళు మెకానికల్ పాఠాలు చెబుతూ, తీరిక దొరికితే ఈ వర్క్‌షాపులో చెయ్యి కలిపినవాణ్ణి, గంట మోగితే తప్ప నోరు మూయడం నాకు చేతకాదు, ఈ హాల్లో గంట లేదని ఇందాకే చూసుకున్నాను. (నవ్వులు) డాక్టరమ్మ గారు మాత్రం చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టారు. పెట్టనివ్వండి.

నాకంటే ముందు మాట్లాడిన మిత్రుడు, 'హనుమండ్లు గారు సౌమ్యులు, మితభాషి, ఎవరినీ నొప్పించరు' అని చెప్పారు. ఆయన ఏ హనుమండ్లు గురించి చెప్పారో నాకు తెలియదు. (నవ్వులు) నాకు తెలిసిన హనుమండ్లు మేస్త్రీ పొద్దున ఉలి పట్టుకున్నప్పుడు నోరు తెరిస్తే సాయంత్రం ఉలి కడిగి పెట్టేదాకా మూసేవాడు కాదు, తన పనిని తనే మెచ్చుకునేవాడు, ఎవరైనా సలహా ఇవ్వబోతే "నిర్మల పనోనికి నువ్వు చెప్పొచ్చినవా?" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. అదుగో, గంగుబాయి గారు తల ఊపుతున్నారు. నేనూ తక్కువ కోపిష్ఠిని కాను కనుక మా ఇద్దరి స్నేహం ఎట్లా ఉండేదో ఈ వర్క్‌షాపు గోడలకు తెలుసు. ఆ గోడలకు నోరు లేదు కాబట్టి ఇవాళ నేను మాట్లాడుతున్నాను.

ఆయన ఇక్కడికి ఎట్లా వచ్చాడో కొత్తవాళ్ళకు తెలియకపోవచ్చు. ప్రమోదిని గారు ఒకసారి బాసరకు వెళ్ళి తిరిగి వస్తూ, ఆసుపత్రి పిల్లల కోసం బొమ్మలు కొందామని నిర్మలలో ఆగారు. బొమ్మలు చేసే నకాషీ వాళ్ళ వాడలో ఒక మనిషి అరుగు మీద కూర్చుని పొణికి కట్టెతో రామచిలుకను చెక్కుతున్నాడు, చిలుక మెడ దగ్గర ఆ వంపు తిప్పుతుంటే ఈమె కొనాల్సిన బొమ్మలు మరిచిపోయి నిలబడిపోయారు. చివరికి, కాలు చెక్కగలవా అని అడిగారు. దానికి ఆయన తల కూడా ఎత్తకుండా ఏమన్నాడో తెలుసా? "చెక్కుత గని, ఎవలి కాలో చెప్పమ్మా. కాలంటే అందరిదొక్కతీరుగ ఉంటదా?" ఆ ఒక్క మాటకు ఆమె ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. దరఖాస్తు తరవాత రాయించారు.

పొణికి కట్టె సంగతి నిర్మల వాళ్ళకు చెప్పడం అంటే తాతకు దగ్గులు నేర్పడమే, అయినా మిగతా వాళ్ళ కోసం చెబుతాను. అది తెల్లగా, మెత్తగా, ఎత్తితే చేతిలో ఉన్నట్టే తెలియనంత తేలికగా ఉంటుంది. కాలు తెగిన మనిషికి బరువే మొదటి శత్రువు, కాబట్టి ఆ కట్టె మా పనికి వరం. బొమ్మ చెక్కాక దాని మీద చింతగింజల అంబలి పూసి, పలచని గుడ్డ అంటించి, ఆరాక మళ్ళీ పూసి, మళ్ళీ అంటించి, ఆపైన రంగు వేస్తారు. హనుమండ్లు గారు కాళ్ళను కూడా అట్లాగే చేసేవారు. ఆ పనిలో అన్నిటికంటే ముందు చేసేది ఒకటుంది, తడి గుడ్డతో కట్టెను తుడవడం. అంటించే గుడ్డను కూడా నీళ్ళలో ముంచి పిండుతారు. తడి లేకపోతే అంబలి పట్టదు. వాళ్ళ బాపు ఆయనకు ఉలి కంటే ముందు నీళ్ళ గిన్నె చేతికిచ్చాడట.

ఆ కాళ్ళు ఎంత అందంగా ఉండేవో! పిక్క దగ్గర నిండుగా, చీలమండ దగ్గర సన్నగా, వేళ్ళతో సహా. కానీ ఆషాఢం వచ్చిందంటే కాళ్ళన్నీ పుట్టింటికి వచ్చినట్టు వర్క్‌షాపుకు తిరిగి వచ్చేవి. వాన నీళ్ళకు అంబలి కరిగి, గుడ్డ ఊడి, పొణికి ఉబ్బి, కొన్నిట్లో పుట్టగొడుగులు కూడా మొలిచేవి. నేను వెక్కిరించేవాణ్ణి, మేస్త్రీ తిట్టేవాడు. కరీంనగర్ బజారులో తిరిగేవాళ్ళకు ఎట్లాగో సరిపుచ్చేవాళ్ళం. పొలాల మనుషులకు పనికొచ్చే కాలు మాత్రం మా దగ్గర లేదు.

అట్లాంటి రోజుల్లో, తొంభై మూడు ఎండాకాలం చివర, ఖానాపూర్ పక్క పల్లె నుంచి ఐలవ్వ వచ్చింది.

ఐలవ్వ నాట్లు వేసే ఆడవాళ్ళ గుంపుకు పెద్ద. నాటు వేసేటప్పుడు వరుసలో ఒక్కొక్కరి వంతుకు వచ్చే పట్టీని మునుం అంటారు కదా, ఆమెది అందరికంటే ముందు మునుం, ఆమె పాట ఎత్తితేనే మిగతావాళ్ళ చేతులు కదిలేవి. పాము కరిచి, విషం ఎక్కి, మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ తరవాత రెండేళ్ళు గట్టు మీద కూర్చుని నారు కట్టలు అందించింది. ఆ ఏడు గుంపులో వాళ్ళు, పాపం వాళ్ళ తప్పేమీ లేదు, ముందు మునుం ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచుతాం, ఈ కారు పంటకు కూడా నువ్వు దిగకపోతే ఇంకొకామెను పెట్టుకుంటాం అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె బస్సెక్కింది.

మేస్త్రీ చేసిన మంచి కాలు ఒకటి డాక్టరమ్మ చూపించారు. ఐలవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టేసింది.

"డాక్టరమ్మా, బజార్ల నడ్వనీకి నాకు కాలెందుకు? కట్టె పట్టుకోని నడుస్త. బురదల దిగే కాలున్నదా మీ కాడ? ఉంటె ఇయ్యున్రి, లేకుంటె నేను పోత, మల్ల బస్సు దొరకది."

"బురదల ఏ కాలు దిగుతది చెల్లె? కట్టె ఉబ్బుతది," అన్నాడు మేస్త్రీ.

"మరి నువ్వెందుకున్నవన్నా ఈడ?"

మిత్రులారా, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. హనుమండ్లు గారిని మాటతో ఓడించిన మనిషిని చూడడం అదే మొదటిసారి. ఆయన మరునాడు సెలవు పెట్టి ఖానాపూర్ పక్కకు వెళ్ళి, బావి కింద ఎవరో కూరగాయల మడి తొక్కుతుంటే గట్టు మీద కూర్చుని పగలంతా మనుషుల కాళ్ళు చూసి వచ్చారు. ఊళ్ళో వాళ్ళు పిచ్చివాడనుకున్నారట. వచ్చి నాతో అన్న మాట ఇది: "సారు, బురదలకెళ్ళి కాలు తీసేటప్పుడు మడిమె ముందుగాల లేస్తది, వేళ్ళు ఆఖర్న వస్తయి. మడిమె సాఫుగ ఉంటె బురద పట్టుకుంటది, గుండ్రంగ ఉంటె ఇడుస్తది." అంతే, కొత్త కాలు చెక్కడం మొదలుపెట్టారు. గుండ్రటి మడమ, పైకి లేచిన పాదపు నడుం, ముందుకు సన్నబడిన కొస. ఎక్కడ వేలు పెట్టినా వంపే, తిన్నగా ఉన్న చోటు లేదు. చెక్కిన కాలు చూస్తే ముచ్చటేసింది, దాని మీదికి నీళ్ళు రాకుండా ఏం కప్పాలన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

నా వంతు ఇక్కడ వచ్చింది. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో మా బావమరిది పని చేసేవాడు. విమాన భాగాలకు వాడే కార్బన్ ఫైబర్ అనే బట్ట కత్తిరించగా మిగిలిన ముక్కలు వాళ్ళ దగ్గర ఉంటాయని, పై అధికారిని అడిగి నాలుగు ముక్కలు ఇప్పిస్తానని అన్నాడు. ఇనుము కంటే గట్టిది, దూది కంటే కొంచెమే బరువు అని నేను పిల్లలకు పాఠంలో చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే అప్పటిదాకా కంటితో చూసింది లేదు. ఆ ముక్కలూ, వాటితో పాటు రెండు డబ్బాల్లో అక్కడే కొన్న రెజిన్ అనే జిగురూ, అది గట్టిపడడానికి కలిపే మందూ పట్టుకుని కరీంనగర్ బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

బల్ల మీద పరిచాను. నల్లగా, నిగనిగలాడుతూ, చాప అల్లికలా నేసిన బట్ట. మేస్త్రీ చాలాసేపు ముట్టుకోలేదు. తరవాత రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, "ఇది బట్టనా సారు? బొగ్గును పట్టుకపోయి మగ్గం మీద నేసిండ్రా ఏంది?" అన్నాడు. కార్బన్ అంటే బొగ్గే కదా, నేను బోర్డు నిండా రాసి చెప్పే సంగతి ఆయన వేళ్ళతో కనిపెట్టేశాడు. అన్నం తీసుకుని వచ్చిన గంగుబాయి గారు మాత్రం, "గింత మంచి నల్ల బట్ట తెచ్చిండ్రు, అంచు లేదేంది సారు?" అన్నారు. (నవ్వులు) అమ్మా, మీరు నవ్వుతున్నారు గానీ ఆ రోజు అది చేతులకు గుచ్చుకుని మూడు రోజులు గోక్కున్నది మేమే.

పద్ధతి మొత్తం ఆయనకు చెప్పాను. రెండు ద్రవాలూ కొలత ప్రకారం కలపాలి, కలిపాక అది తనంతట తనే వేడెక్కుతుంది, అరగంటలో పని ముగించాలి, కట్టెకు ఒక పూత వేసి, బట్ట పరిచి, బట్టలోకి జిగురు ఇంకేదాకా అద్దాలి. ఆయన శ్రద్ధగా విన్నారు. నాకు కాలేజీలో పరీక్షలు, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాను. ఆ మధ్యాహ్నం ఆయన ఒక్కరే చేశారు.

మరునాడు ఐలవ్వ కొలత చూసుకోవడానికి వచ్చింది. అప్పటికే మృగశిర వానలు పడ్డాయి, వాళ్ళ ఊళ్ళో మడులు దున్నుతున్నారు. నేనూ వచ్చాను. బల్ల మీద కాలు చూశాను. నల్లగా అద్దంలా ఉండాల్సింది పాలు పోసినట్టు తెల్లగా మసకబారింది, మడమ వంపు మీద కాలిన చర్మం పొక్కినట్టు బొబ్బలు, కొసల దగ్గర బట్ట లేచి చేత్తో లాగితే అరటి తొక్కలా ఊడి వస్తోంది.

ఐలవ్వ ఒక బొబ్బను వేలితో నొక్కింది. అది లోపలికి పోయి మళ్ళీ లేచింది. ఆమె, "నారు ఆగుతదా అన్నా? నాలుగు పొద్దులాయె దానికి ముదురొచ్చి," అని మాత్రం అంది. తిట్టి ఉంటే మేస్త్రీ తట్టుకునేవాడు. ఆయన లేచి మెట్ల మీద కూర్చుని, నేను నిర్మల పోత, ఈ పని నా చేతిది గాదు అన్నాడు. నేను చూస్తే రెజిన్ అమ్మినవాణ్ణి, బట్ట ఇచ్చిన అధికారిని, మా బావమరిదిని వరుసపెట్టి తిడుతున్నాను. మిగిలిన బట్ట ఇంకొక్క కాలికే సరిపోతుంది, అది కూడా జాగ్రత్తగా కత్తిరిస్తే. ప్రమోదిని గారు మా ఇద్దరినీ చూసి ఒక్క మాట అన్నారు. "మీ ఇద్దరూ అరవడం అయ్యాక, నిన్న ఏం చేశారో అదే మళ్ళీ చేసి చూపించండి. జిగురు లేకుండా, ఉత్తగా."

సరే అని ఒక పాత చెక్క ముక్క ముందు పెట్టుకున్నాం. మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు. కూర్చుని, మొట్టమొదట ఇత్తడి గిన్నెలో నీళ్ళు తెచ్చి కుడి పక్కన పెట్టుకున్నాడు.

"ఆగు మేస్త్రీ, ఆ నీళ్ళెందుకు?" అన్నాను.

"నీళ్ళెందుకంటరేంది సారు? కట్టెను తుడువద్దా? బట్టను తడుపద్దా? తడువకుంటె వంపు మీద ఎట్ల కూసుంటది?"

మిత్రులారా, ఆ రెజిన్‌కు నీళ్ళంటే పగ. ఒక్క చుక్క తగిలినా అది గట్టిపడదు, పట్టదు, పాలలా విరిగిపోతుంది. ఎన్నో జాగ్రత్తలు చెప్పాను గానీ నీళ్ళు తగలొద్దని చెప్పాలని నాకు తోచలేదు, జిగురు పని నీళ్ళు లేకుండా మొదలవుతుందని ఆయనకు ఊహలో కూడా లేదు. నిర్మల నకాషీ చెయ్యి తప్ప ఈ భూమ్మీద ఇంకే చెయ్యీ ఈ పొరపాటు చేయదు. అది నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు, పనిని దేవుడిలా చూసే అలవాటు వల్ల వచ్చింది. ఆ సంగతి తెలిశాక ఆయన ముఖం చూడలేకపోయాను. బాపు చేతికిచ్చిన మొదటి వస్తువే ఈ కాలిని చెడగొట్టిందని తెలిస్తే ఎవరికైనా ఎట్లా ఉంటుంది?

మేస్త్రీ ఆ గిన్నెను దూరంగా జరిపారు. తరవాత గంగుబాయి గారిని పిలిచి, "దీన్ని పట్టుకపో. ఈ అర్రల నీళ్ళ సుక్క ఉండద్దు. తాగనీకి సుత వద్దు," అన్నారు.

రెండో కాలు రెండు రోజుల్లో చెక్కారు. ఆ రెండు రోజులూ వాన తెరిపి లేదు, గాలే తడిగా ఉంది. కుంపట్లు పెట్టి గదిని వేడెక్కించి కట్టెనూ బట్టనూ ఎండబెట్టాం, రెజిన్ డబ్బా మూత తీసే ముందు కుంపట్లు బయట పెట్టించాను, అంటుకుంటే మనందరం కలిసి పోతామని. బట్ట కత్తిరించడం దగ్గర మళ్ళీ మా ఇద్దరికీ వాదన మొదలవబోయింది. అప్పుడు గంగుబాయి గారు వచ్చి, "రవికె సంక కాడ ఏటవాలు కత్తిరిస్తెనే ముడుత రాది, ఇదేమన్న వేరేనా?" అని కత్తెర తీసుకున్నారు. నా దగ్గరున్న పుస్తకంలోనూ సరిగ్గా అదే రాసి ఉంది. కానీ పుస్తకం నా సంచిలో ఉంది, కత్తెర ఆమె చేతిలో ఉంది, వానేమో బయట పడుతోంది. (నవ్వులు)

ఇక ఆ అరగంట సంగతి చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పబోయినా నాకు చేతకాలేదు, ఇవాళ ఇంకోసారి ప్రయత్నిస్తాను.

నేను రెజిన్ కలిపి ఇచ్చాను. మేస్త్రీ కట్టెకు పూత వేసి, ఆ నల్ల బట్టను మడమ మీద ఆనించి, రెండు బొటనవేళ్ళతో నడుమ నుంచి కొసలకు నిమరడం మొదలుపెట్టారు. పక్కనే ఉండి చూస్తున్నాను కాబట్టి తెలుసు, ప్రతి నిమిషానికీ ఆయన కుడి చెయ్యి పక్కకు పోయేది, గిన్నె ఉండే చోటికి. ఖాళీ బల్ల తగిలేది. చెయ్యి ఒక్క క్షణం ఆగి వెనక్కి వచ్చేది. చిన్నప్పటి నుంచీ నేర్చిన చెయ్యి అది, దాని అలవాటును దాని చేతనే మాన్పించుకుంటూ, అదే సమయంలో ముందెన్నడూ ముట్టని బట్టను పొల్లుపోకుండా పరుస్తున్నాడు ఆ మనిషి. వేళ్ళు వెళ్ళిన చోటల్లా పొడిగా ఉన్న బట్ట రెజిన్‌తో తడిసి, లోపలి నుంచి దీపం వెలిగినట్టు నిగనిగ తేలింది. గాలి బుడగలు ఒక్కొక్కటిగా కొసకు జరిగి, చిట్లిపోయాయి. గుండ్రటి మడమ మీద ముడత లేదు. పాదపు నడుం దగ్గర, ఏ బట్టా మాట వినని ఆ లోపలి వంపులో కూడా అల్లిక గీత చెదరలేదు. నేను జీవితమంతా బోర్డు మీద వంపులు గీసి, వాటికి సూత్రాలు రాసి, మార్కులు వేసినవాణ్ణి. వంపు అంటే ఏమిటో ఆ మధ్యాహ్నం చూశాను. నా కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. మేస్త్రీ అది చూసి, "సారు, దూరం జరుగున్రి, దీని మీద పడ్తయి," అన్నాడు. (నవ్వులు, చప్పట్లు)

మరునాటికి అది గట్టిపడింది. గోటితో కొడితే టంగుమంది. బకెట్ నీళ్ళలో ముంచి రాత్రంతా ఉంచాం, తీసి తూచితే గురిగింజంత తేడా లేదు.

ఆ కాలు తీసుకుని డాక్టరమ్మా, మేస్త్రీ, నేనూ ఐలవ్వ ఊరికి జీపులో వెళ్ళాం. వెళ్ళేసరికి గుంపు మడిలో దిగి ఉంది. ముందు మునుం ఖాళీగా ఉంది. కొత్తామెను పిలిచారు, ఆమె గట్టు మీద చీర ఎగగట్టుకుని నిలబడి ఉంది కూడా, కానీ ఐలవ్వ వస్తుందేమో చూద్దామని ఆ పూటకు ఆగారు. పట్టీలు బిగించి ఐలవ్వ లేచి నిలబడింది. మాకు నడక నేర్పే సమయం దొరకలేదు, పది అడుగులు గట్టు మీద వేయించాం, అంతే. డాక్టరమ్మ చెయ్యి అందించబోతే వద్దంది.

దిగింది. మంచి కాలు ముందు పెట్టి, తరవాత ఆ నల్ల కాలు పెట్టింది. అది పిక్కదాకా దిగబడిపోయింది. రెండో అడుగు వేయడానికి లాగితే రాలేదు. మళ్ళీ లాగింది, రాలేదు. నా పక్కన మేస్త్రీ గట్టు అంచుదాకా వంగాడు. "మడిమె ఎత్తు చెల్లె, ముందుగాల మడిమె," అన్నాడు, తనలో తనే అనుకున్నట్టు. ఆమె విన్నదో, ఆమె కాలికే గుర్తుకొచ్చిందో, మోకాలు ముందుకు వంచి మడమ ఎత్తింది. బురద గుటక వేసినట్టు ఒక్క చప్పుడైంది, కాలు పైకి వచ్చింది. నల్లటి పాదం మీద నుంచి బురద జారిపోయి, ఒక్క మరక మిగలకుండా మెరిసింది.

అట్లా అడుగు అడుగు తీస్తూ తన మునుంలోకి పోయి నిలబడింది. నారు కట్ట అందుకుంది, వంగింది, నాటింది. మూడు పిలకలు నాటాక పాట ఎత్తింది. రెండో చరణానికి ఆడవాళ్ళందరూ అందుకున్నారు. గట్టు మీద నిలబడ్డ కొత్తామె కూడా దిగి ఆఖరి మునుం పట్టుకుంది. కవులైతే ఇంకా ఏదో చెబుతారు. నేను కాళ్ళు రెండూ ఉండి కూడా ఆ గట్టు మీద నిలబడలేక కూర్చుండిపోయాను.

ఆ తరవాత ఇక్కడ ఎన్ని కాళ్ళు అట్లా తయారయ్యాయో ఈ హాల్లో చూస్తే తెలుస్తుంది. ప్యాంట్ల కింద, చీరెల కింద ఉన్నాయి గనుక కనిపించడం లేదు, ఒక్కసారి వేలితో కొట్టి చూసుకోండి. (హాల్లో టక టక చప్పుళ్ళు, నవ్వులు) విన్నారా మేస్త్రీ? మేం వేసిన దండలు రేపటికి వాడిపోతాయి, ఈ చప్పుడు మాత్రం ఇంటికి తీసుకుపోండి.

డాక్టరమ్మ గడియారం ఎత్తి చూపిస్తున్నారు. ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను.

ఇవాళ హనుమండ్లు గారి మెడలో మొదటి దండ ఐలవ్వ చేత వేయించాలని కమిటీ అనుకుంది. ఆహ్వానం మీద ఆమె పేరు అచ్చు వేయించారు. నిన్న సాయంత్రం ఖానాపూర్ ఎస్టీడీ బూత్ నుంచి ఐలవ్వ ఫోన్ చేసింది. అప్పుడు నేనూ మేస్త్రీ డాక్టరమ్మ గదిలోనే ఉన్నాం. బూత్‌లో అరిస్తేనే వినపడుతుందని ఆమె నమ్మకం కాబట్టి మా ముగ్గురికీ వినపడింది.

"డాక్టరమ్మా, నేను రేపు రాను. వాన మంచిగ పడ్డది, మడి తడిసింది, నారు ముదిరింది, ఇగ ఆగది. ముందు మునుం నాది. మేస్త్రన్నకు జర చెప్పు, కోపం చెయ్యొద్దని."

డాక్టరమ్మ నొచ్చుకున్నారు. ఆహ్వానాలు పంచేశాం, పెద్దలు వస్తున్నారు, ఒక్క పూట రాలేదా అన్నారు. నేనూ, నా స్వభావం మీకు తెలిసిందే, కొంచెం గట్టిగానే, ఇంత చేసిన మనిషి కోసం ఒక్క పూట ఆగదా అన్నాను. మేస్త్రీ మా చేతుల్లోంచి ఫోన్ లాక్కుని ఒకటే అడిగాడు.

"బురద ఎంత లోతున్నది చెల్లె?"

"మోకాలి మట్టున్నదన్నా."

"ఇడుస్తున్నదా?"

"ఇడుస్తున్నదన్నా. ఇప్పుడు నేను చూసుకుంట సుత లేను."

ఫోన్ పెట్టేసి, ఈ మనిషి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను అంతవరకు ఎన్నడూ చూడలేదు. కాసేపటికి తేరుకుని మా ఇద్దరినీ కోప్పడ్డాడు. "ఏడికి పిలుస్తున్నరు సారు ఆమెను? దండ పట్టుకోని కూసుండనీకా? దండలు మీరెయ్యున్రి. ఆమెను నాట్లెయ్యనియ్యున్రి."

(మంచినీళ్ళు తాగి)

మిత్రులారా, ఒక మనిషి చేసిన పని, ఇంకొక మనిషి ఒంట్లో కలిసిపోయి, ఉందని కూడా గుర్తు లేకుండా పోవడం కంటే పెద్ద సన్మానం ఉంటుందా? నాకు తెలిసినంతవరకు లేదు. ఈ వేళకు, మనం ఇక్కడ మాట్లాడుతుండగా, ఖానాపూర్ పక్కన ఒక మడిలో ఐలవ్వ వంగి నాటుతూ ఉంటుంది, మేస్త్రీ గురించి గానీ ఆ కాలి గురించి గానీ ఒక్క క్షణం కూడా తలుచుకోకుండా. అందుకని ఆయన తరఫున నేను గర్వపడుతున్నాను.

హనుమండ్లు గారూ, నిర్మలకు వెళ్ళాక అరుగు మీద కూర్చుని ఎవరితోనూ పోట్లాడకుండా ఉండగలరని నాకు నమ్మకం లేదు. పోట్లాట కావాల్సి వచ్చినప్పుడల్లా కరీంనగర్ బస్సు ఎక్కండి, నేను ఇక్కడే ఉంటాను. మిమ్మల్ని నాకు చూపించిన ప్రమోదిని గారికి, ఓపిగ్గా విన్న సరళాదేవి గారికి, ఇన్నేళ్ళూ మా అరుపులు భరించిన గంగుబాయి గారికి, మీ అందరికీ చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. మేస్త్రీ, లేచి నిలబడండి, ఆ చేతులు ఒక్కసారి కళ్ళకద్దుకోనివ్వండి. ఇక సెలవు.